నివ్వరి మామ

ఆయన పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను మిల్లులో బియ్యం పట్టే హల్లరు జల్లెడ మారుస్తున్నాను. ఫోను చేసింది కమిలి. ఆయన మడి కిందున్న మడిని కౌలుకు చేసుకునే తండా ఆవిడ.

"పెద్దయ్య పోయిండు సేటూ. పొద్దున చాయ్ తాగి మంచంల ఒరిగిండంట, మళ్ల లేవలే" అంది. "మీకు చెప్పాలె గదా అని చేసిన" అని పెట్టేసింది.

నాకు చెప్పాల్సిందే. ఆయనకు చుట్టాలతో కన్నా మా మిల్లుతోనే రాకపోకలు ఎక్కువ.

మా మిల్లు జూలూరుపాడులో, అడవి వైపు ఊళ్లకు పోయే రోడ్డు మొదట్లో ఉంటుంది. మా నాన్న బోనకల్ పక్క పల్లె నుంచి వచ్చి పెట్టాడు. పెద్ద మిల్లులు వచ్చాక మాకు మిగిలింది ఇంటి తిండికి బియ్యం పట్టించుకునేవాళ్లు, పసుపూ కారం ఆడించుకునేవాళ్లు. వాళ్ల మధ్యలో ఏటా కార్తీకం దాటాక ఒకసారి, భుజాన చిన్న సంచి వేసుకుని ఆయన వచ్చేవాడు. వచ్చి, అందరి పనీ అయ్యేదాకా బయట అరుగు మీద కూర్చునేవాడు. తన గింజ పోస్తే మిల్లు ఎంత సతాయిస్తుందో ఆయనకు తెలుసు. మా నాన్నను ఆయన బావా అని పిలిచేవాడు. కులాలు వేరైనా ఆ లెక్కన నాకు మామ అయ్యాడు. ఊళ్లో అందరికీ నివ్వరాయన.

నివ్వరి అంటే నీళ్లలో దానంతటదే మొలిచే అడవి వరి. దూరం నుంచి చూస్తే మామూలు వరిలాగే ఉంటుంది. దగ్గరికి పోతే ప్రతి గింజకూ వేలెడు పొడుగు ఎర్ర మీసం కనిపిస్తుంది. లోపల బియ్యం సన్నగా, ఎర్రగా ఉంటుంది. వండితే మంచి వాసన. నాగలి తగలని తిండి తినాలని, ఋషి పంచమి నోముకు కొందరు ఆడవాళ్లు దీన్ని వెతుక్కుని తెచ్చుకుంటారు. అయితే దీనికో గుణం ఉంది. పండిన గింజ కంకి మీద నిలవదు. ఇవాళ పైగింజ, రేపు దాని కింది గింజ, ఒక్కొక్కటే పండుతుంది, పండిన పూటే నీళ్లలో రాలిపోతుంది. కొడవలి పెట్టి కోద్దామంటే కంకి మీద ఏమీ ఉండదు. అందుకే దాన్ని ఎవరూ పంట అనరు.

ఆయన పంట అనేవాడు.

ఆయనకు ఒక అలవాటుండేది. దేన్నైనా అంటుకుని ఉన్నది కనబడితే చాలు, రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగి చూసేవాడు. మిల్లు ముందు ఆరబోసిన మిరపకాయ తొడిమ, సంచికి కుట్టిన పురికొస, నా చొక్కా గుండీ, గోడకు కొట్టిన మేకు. ఊడివస్తే "ఊ" అనేవాడు. రాకపోతే సంతోషంగా తలూపేవాడు. ఒకసారి మా చిన్నమ్మాయి ఊగుతున్న పాలపన్ను చూపించి లాగమంటే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "దాని టైముకు అదే రాలుతది, ముట్టకు బిడ్డా" అన్నాడు. ఆయన తువ్వాల నిండా, చొక్కా చేతుల మీదా నివ్వరి మీసాలు గుచ్చుకుని ఉండేవి. పెళ్లికి వచ్చినా, చావుకు వచ్చినా అవే. ఆయన కూర్చుని లేచిన చోట రెండో మూడో రాలి ఉండేవి.

ఆయనకున్నది మూడెకరాల పల్లపు భూమి. పైనున్న కుంట కట్ట ఎత్తు పెంచాక ఆ భూమికి జాలు పట్టింది. అంటే, అడుగు నుంచి నీరు ఊరుతూనే ఉంటుంది, ఎండాకాలంలో కూడా ఆరదు. ఆ నీటి మీద తుప్పు రంగు పొర తేలుతుంది. నాటిన వరి మొదట పచ్చగానే లేచేది. తర్వాత ఆకు కొసలు ఇటుక రంగుకు తిరిగి, వేళ్లు నల్లబడి, మొక్క మొత్తం ఒరిగిపోయేది. ఆయన కాలువ తీయించాడు, మట్టి పోయించాడు, మళ్లీ నాటాడు. మట్టి పోసినంత మేర ఒక మూల కొంచెం మెరక అయింది గానీ మిగతాదంతా మళ్లీ ఇటుక రంగే. కొన్నేళ్లకు వరి వదిలేశాడు. వదిలేసిన మడిలో నివ్వరి లేచింది. దాని ఆకు మాత్రం రంగు తిరగలేదు.

దాన్ని ఎలా ఏరుకోవాలో ఆయన భార్య నేర్చుకుంది. అడవి గూడేల నుంచి సంతకు వచ్చే ఆడవాళ్లు వాళ్ల భాషలో చెబుతూ, చేతులతో చేసి చూపించారట. తెల్లవారుతుండగా, మంచుకు మీసాలు తడిగా ఉన్నప్పుడే నీళ్లలోకి దిగాలి. కంకుల్ని గంప మీదికి వంచి పుల్లతో మెత్తగా తట్టాలి. పొద్దెక్కి మీసాలు ఎండితే మనిషి గాలి తగిలినా గింజ రాలిపోతుంది. ఇవాళ తట్టిన కంకినే రేపూ తట్టాలి, ఎల్లుండీ తట్టాలి. కాపు కాలం మొత్తం రోజూ దిగాల్సిందే.

నేనొకసారి చూశాను. కొత్తగూడెం నుంచి మిల్లుకు బెల్టు తెచ్చుకుంటూ దారే కదా అని వాళ్ల మడి దగ్గర ఆగాను. ఆమె తొడల లోతు నీళ్లలో నడుముకు గంప కట్టుకుని ఉంది. ఆయన ఒడ్డు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు.

"నా చెయ్యి మోటు అల్లుడా. నేను తాకితే సగం నీళ్లల్ల పోతది. ఆమె చెయ్యి పడితేనే గంపల వడ్తది."

ఆమె బయటికి వచ్చాక ఆయన ఉప్పు రాసి కాళ్లకు పట్టిన జలగల్ని తీశాడు. వేళ్ల సందులు నీళ్లకు నాని తెల్లగా పాసిపోయి ఉన్నాయి. తువ్వాలతో తుడవబోతే ఆమె కాలు వెనక్కి లాక్కుంది.

"ఆ తువ్వాల వద్దు. నీ మీసాలు గుచ్చుకుంటయి."

మడిలో అక్కడక్కడ మొక్కలకు గుడ్డ పేలికలు కట్టి ఉన్నాయి. అవి ఆమె పాత చీరలవి. అవేమిటని అడిగాను.

"పక్క మొక్క గింజంత రాల్చినాక గూడ ఆ మొక్క ఒక పూట ఎక్కువ పట్టుకున్నది. అందుకే గుర్తు పెట్టిన" అన్నాడు ఆయన. "దాని గింజ వేరేగ దాచి చల్లుత. మళ్ల వచ్చేటిదాంట్ల ఏది ఇంకింత నిలబడ్తదో చూస్త. ఎప్పటికో ఒకప్పటికి ఒక్క మొక్క పూర్తిగ నిలుస్తది. ఒక్కటి చాలు. మడి మొత్తం దాంతోనే చేస్త. అప్పుడు ఈమె నీళ్లల్ల దిగే పని లేదు. ఒక్కనాడు మనుషులను పెట్టి కోసుడే."

"అవుతుందా మామా?"

"వరి గూడ ఎన్కట గిట్లనే రాలిపోయేదంట గదా. ఎవరో నిలవెట్టిండ్రు."

గంపలో మీసాలు ఏరుతున్న ఆమె తలెత్తకుండా అంది. "వాళ్లకు ఎన్ని తరాలు పట్టిందో అడుగు. ఈయన ఒక్కడే జేస్తడంట."

ఆయన నవ్వలేదు, కోపం చేసుకోలేదు. ఒక పేలిక ముడిని లాగి చూసి, గట్టిగా ఉందని తలూపాడు.

ఆ తర్వాత ఏటా సంచి తెచ్చినప్పుడల్లా ఒకే మాట చెప్పేవాడు. "ఈసారి ఒక పూట ఎక్కువ నిలిచింది." కొన్నేళ్లు ఆ మాట కూడా ఉండేది కాదు. అప్పుడు, "ఈసారి గాలి ఎక్కువున్నది" అనేవాడు. పేలిక కట్టిన మొక్కల గింజ ఎప్పుడూ మిల్లుకు తేలేదు. అది విత్తనం. మిగిలిన గింజే పట్టించుకునేవాడు. అందులోనూ తను తినేది తక్కువే. ఎవరైనా నోముకని అడిగితే ఇచ్చేసేవాడు.

రాలిన గింజ రాలిన చోటే ఉండదు. వాన పడితే నీళ్లు ఆయన మడి ఒడ్డు దాటి కమిలి మడిలోకి పోతాయి. ఆమెది మంచి నేల, జాలు లేదు. ఒక ఏడు ఆమె వడ్లలో ఎర్ర మీసాల గింజలు ఎక్కువగా కనబడ్డాయి. కొనుగోలు సెంటర్లో బెరుకు, అంటే వేరే జాతి గింజ, ఎక్కువుందని కాంటా పెట్టలేదు. ట్రాక్టరు అట్లాగే వెనక్కి తిప్పుకుని మా మిల్లు ముందు ఆపింది. జల్లెడ పట్టి వేరు చేయడం వీలవుతుందా అని నన్ను అడిగింది. వీలు కాదు. గింజ సైజు ఇంచుమించు ఒకటే. ఆ రోజు ఆయన అరుగు మీదే ఉన్నాడు.

కమిలి అరవలేదు. ఆయన ముందుకు వచ్చి గుప్పెట్లో వడ్లు చూపించింది.

"పెద్దయ్యా, నీ గడ్డి నా బువ్వల వడ్డది" అంది.

ఆయన ఆ గుప్పెడు వడ్లు తన తువ్వాలలో పోయించుకున్నాడు. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని ఎర్ర మీసాలవి ఒక పక్క, మామూలువి ఒక పక్క పెట్టాడు. ట్రాక్టరు నిండా ఉన్న వడ్లలో గుప్పెడు. లేచి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు నుంచి ఆయన కమిలి మడిలో బెరుకు పీకడం మొదలుపెట్టాడు. నాటు అయిన దగ్గర్నుంచి కంకి వేసేదాకా. వరిలో నివ్వరిని చిన్నప్పుడే గుర్తుపట్టడం చాలా కష్టం. ఆయన వంగి, ఒక్కో మొక్క మొదలు చూసి పీకేవాడు. ఒడ్డుకు ఇవతల ఏ మొక్కను చీర పేలిక కట్టి కాపాడుకునేవాడో, ఒడ్డుకు అవతల అదే మొక్కను వేళ్లతో సహా తీసి బురదలో తొక్కేవాడు. "ఆయన మడిని దున్నిపారెయ్యమని అడగరాదా?" అని నేను కమిలిని అడిగితే, "ఎట్ల అడగాలె సేటూ? ఆయన నడుము చూసినవా?" అంది.

అలా ఉండగా ఒక వానాకాలం ఆయన భార్య కాలికి పుండు పడింది. వేలి సందులో చిన్నగా మొదలైంది. ఆమెకు షుగర్ ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయేసరికి పాదం నల్లబడింది. మోకాలి కింద దాకా తీసేశారు.

నేను చూడబోయినప్పుడు ఆయన వార్డు బయట బెంచీ మీద ఉన్నాడు. బెంచీ రెగ్జిన్ చిరిగిన చోట దారాన్ని రెండు వేళ్లతో లాగుతున్నాడు, వదులుతున్నాడు.

"డాక్టర్లు మంచోళ్లే అల్లుడా. మేమే ఆలస్యంగ వచ్చినం" అన్నాడు. "పుండు పడ్డప్పుడే పోదామన్న. గింజ రాలే టైము గదా, ఆమె రానన్నది. నేను గూడ గట్టిగ అనలే."

దారం వదిలేసి మళ్లీ అన్నాడు. "రాలకుంట ఉంటే వచ్చేది."

ఇంటికి వచ్చాక ఆమె చంకలో కర్రతో ఇంట్లోనే తిరిగేది. ఇంక ఆయన నివ్వరి మానేస్తాడని అందరం అనుకున్నాం. మానలేదు. ముందుకన్నా ఎక్కువగా మడిలోనే ఉండేవాడు. తన మోటు చేత్తోనే గంప పట్టుకుని దిగేవాడు. సంచి పిడికెడంత అయింది.

"ఇంక ఎవరి కోసం మామా?" అని అడిగాను. అడగకూడని మాటే. కానీ ఆయన దాన్ని మామూలు ప్రశ్నలాగే తీసుకున్నాడు.

"ఇప్పుడే గదా కావాల్సింది. ఆమె దిగలేదు. నా చేతికి రాదు. ఇగ అది నిలబడుడొక్కటే దారి" అన్నాడు. "కోసే రోజు ఆమెను ఒడ్డు మీద కుర్చీ ఏసి కూసోపెడ్త."

ఆ మాట అన్న రెండేళ్లకో ఏమో, ఒక పొద్దున ఆయన సంచి లేకుండా వచ్చాడు. చేతిలో ఒక్క కంకి ఉంది. దీపం తెచ్చినట్టు నిటారుగా పట్టుకుని, రోడ్డు మీద నడిచి వచ్చాడు. మిల్లులో జనం ఉన్నా ఆగలేదు, నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"లాగు" అన్నాడు.

గింజలన్నీ పండి గట్టిపడి ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని లాగాను. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగితే తొడిమతో సహా తెగి వచ్చింది. ఆయన కంకిని అరచేతికేసి కొట్టాడు. ఒక్కటీ రాలలేదు. పసుపు పట్టించుకోవడానికి వచ్చిన ఆవిడ చేత లాగించాడు. ఆటో డ్రైవరు చేత లాగించాడు. పళ్లు కనబడేలా నవ్వుతూ ఆయన్ను నేను చూసింది ఆ ఒక్క పొద్దునే.

"ఎక్కడ దొరికింది మామా?"

"మెరక మూలకు. కమిలి ఒడ్డు పక్కన."

ఆ కంకి గింజలు మళ్లీ ఆ మూలలోనే చల్లాడు. వచ్చిన మొక్కల్లో సగానికి పైగా నిలిచాయి. నిలిచినవే మళ్లీ చల్లాడు. మరుసటి ఏటికి మడి మొత్తానికి సరిపోయే విత్తనం అయింది. మడిలో ఉన్న పాత నివ్వరిని దున్ని, మొలిచినదాన్ని పీకి, దీన్ని నాటాడు. దసరా దాటాక నన్ను రమ్మని కబురు పెట్టాడు. నేను పోయేసరికి ఆమెను ఆటోలో తెచ్చి, ఒడ్డు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఉన్నాడు. మొక్కలు పచ్చగా, కంకి ఇంకా బయటికి రాక పొట్ట మీద ఉన్నాయి. మెరక మూలన ముందు వేసినవి అప్పటికే కంకి తీసి గింజ పట్టాయి.

కమిలి ఒడ్డు దిగి వచ్చింది. ఆ మూలకు పోయి ఒక కంకిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఒక గింజ పంటి కింద పెట్టి కొరికింది. ఆ తర్వాత ఆయన వైపు చూడకుండా, ఆయన భార్య కూర్చున్న కుర్చీ వైపు చూస్తూ చెప్పింది.

"పెద్దయ్యా, దీనికి మీసం లేదు చూసినవా? గింజ గూడ లావైంది. ఇది మా మడి వరితోని కలిసింది. ఇవి వడ్లే."

ఆయన "ఊ" అన్నాడు. నాకు అప్పుడు అర్థమైంది. ఆయనకు ముందే తెలుసు. మీసం చిన్నదవడం, గింజ లావెక్కడం రోజూ చూసే మనిషికి తెలియకుండా ఉండదు. తెలిసీ, నీళ్లలో నిలిస్తే చాలు, అది ఏదైతే ఏమని నాటినట్టున్నాడు.

నిలవలేదు. వారం పది రోజుల్లో ఆకు కొసలు రంగు తిరిగాయి. నేను అటుగా పోతూ బండి ఆపి చూశాను. మెరక మూల తప్ప మడి మొత్తం ఇటుక రంగులో ఉంది. నీటి మీద తుప్పు పొర. ఆయన ఒడ్డు మీద కూర్చుని ఉన్నాడు. ఆ రోజు కూడా ఆమెను తెచ్చినట్టున్నాడు, కుర్చీలో ఉంది.

"వడ్లే అల్లుడా" అన్నాడు. "ఇన్నేండ్లు తిప్పలు పడి మళ్ల వడ్లే తెచ్చిన. వడ్లకు ఈ నీళ్లు పడయని నాకు మొదలే ఎరుక. నీళ్లు పట్టేటిదానికి గింజ నిలవది. గింజ నిలిచేటిది నీళ్లు పట్టది."

ఆమె కర్ర చేతిలోకి తీసుకుంది. "ఇంటికి పోదాం లే" అంది. ఆయన లేచి ఆమెను లేపాడు. ఇద్దరూ ఆటో దాకా నడవడానికి చాలాసేపు పట్టింది. నేను కుర్చీ పట్టుకుని వెనకాల పోయాను.

తర్వాత ఆయన మడి వైపు పోలేదు. దున్నగా మిగిలిన నివ్వరి మొక్కలు ఏవో ఒడ్ల వెంట లేచాయి, పండాయి, రాలాయి. ఆయన మిల్లుకు మాత్రం వచ్చేవాడు, ఉత్త చేతులతో. అరుగు మీద కూర్చుని, వచ్చీపోయేవాళ్లను చూసేవాడు. దేన్నీ లాగి చూసేవాడు కాదు. ఒకసారి నేనే మిరపకాయ ఒకటి ఆయన చేతిలో పెట్టాను. కాసేపు పట్టుకుని, పక్కన పెట్టేశాడు. ఆ ఏడు అలా గడిచింది. తర్వాత కమిలి ఫోను.

పెద్దకర్మకు ముందు రోజు ఆయన భార్య ఆటోలో మిల్లుకు వచ్చింది. డ్రైవరు ఒక కుండ దించి లోపల పెట్టాడు. మూత తీస్తే ఎర్ర మీసాల గింజ. మీసాలు కొంచెం నలిగి, గింజ మాత్రం నిగనిగలాడుతోంది. చూడగానే తెలిసింది. పేలిక కట్టిన మొక్కల గింజ అది. వడ్లతో కలవనిది. పూట ఎక్కువ నిలిచినవి ఏరి, వాటిలో మళ్లీ నిలిచినవి ఏరి, ఏటేటా దాచిన విత్తనం.

"పట్టియ్యి అల్లుడా" అంది.

"ఇది విత్తనం గదా అత్తా. కొంచెమన్నా ఉంచరాదా?"

"ఎవరు చల్లుతరు? నువ్వు చల్లుతవా?"

నాకు మడి లేదు. అదే చెప్పాను.

"రేపు ఆయనకు పెట్టాలె" అంది. "ఈ గింజల ఒక్క మెతుకు తినలే ఆయన. విత్తనం, విత్తనం అని దాచిపెట్టిండు. మొదలు మిల్లు ఊడువు. ఎవరి వడ్లల్ల కలవొద్దు."

హల్లరు ఆపి, లోపలా బయటా ఊడ్చాను. గింజ పోస్తే మీసాలు హల్లరు గొంతులో అడ్డం పడ్డాయి. పుల్లతో పొడుస్తూ మెల్లగా ఆడించాను. బియ్యం తక్కువే వచ్చింది, అందులో సగం నూక. ఆమె గుప్పెట్లోకి తీసుకుని వాసన చూసి కొంగులో మూట కట్టుకుంది. ఆటో ఎక్కుతుందనుకున్నాను. ఎక్కలేదు.

"ఊక ఎక్కడ వడ్డది?" అని అడిగింది.

చూపించాను. గొట్టం కింద చిన్న కుప్ప.

"దాంట్ల ఒకటో రెండో మంచి గింజలు ఉంటయి. గాలికో వానకో పోయి ఏడనన్న వడ్తే మొలుస్తది. కమిలి మడి దాకా పోతే ఆ పిల్ల మళ్ల తిప్పల పడ్తది. కాల్చెయ్యి."

ఊక మొత్తం చీపురుతో ఎత్తి, మిల్లు వెనక ఖాళీ జాగాలో పోసి నిప్పు పెట్టాను. ఊక మంటగా లేవదు, లోపల్లోపలే కాలుతుంది. ఆమె కర్ర గోడకు ఆనించి, రాయి మీద కూర్చుంది. ఎర్ర మీసాలు ముడుచుకుని నల్లబడటం కనబడింది. ఆటో డ్రైవరు రెండుసార్లు వచ్చి చూసి పోయాడు.

పైన బూడిద అయ్యాక, లోపల ఇంకా పచ్చిగా ఉందేమో తిప్పమంది. పుల్లతో తిప్పాను. ఆమె వంగి, చేత్తో బూడిదను కదిపి చూసింది. వేడి తగిలి చెయ్యి తీసుకుంది. కొంగుకు తుడుచుకుని, మళ్లీ చూసింది.

"ఇగ లేదు" అంది.

నేను చెయ్యి ఇస్తే పట్టుకుని లేచింది. ఆటో దగ్గరికి నడిపించాను.